ఒక మొహం ఇంకో మొహంగా మారాలంటే: ఫొటో మార్ఫింగ్ యానిమేషన్ మొదటి నుంచి చివరిదాకా

ఈమధ్య నల్లగొండ, పాలమూరు వైపు ఏ ఫంక్షన్ హాల్‌కు పోయినా ఎల్ఈడీ స్క్రీన్ మీద ఒక ముక్క కనిపిస్తోంది. తొట్టెల్లో పడుకున్న పాప మొహం మెల్లగా సాగి బడికి పోయే పిల్ల అవుతుంది, చూస్తుండగానే పట్టుచీర కట్టుకుని స్టేజీ మీద కూర్చున్న శారీ ఫంక్షన్ అమ్మాయి అవుతుంది. వెంటనే నలుగురు ఎడిటర్ దగ్గరికి పోయి "మాకు కూడా గట్లనే కావాలె" అంటారు. ఆ ముక్కను ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక మోస్తరు ల్యాప్‌టాప్, మౌస్, ఒక సాయంత్రం పాటు ఓపిక ఉంటే చాలు.

1991లో మైకేల్ జాక్సన్ పాట వీడియో ఒకదాంట్లో మనుషుల మొహాలు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తుంటే లోకం నోరెళ్లబెట్టి చూసింది. దాని వెనకున్న పద్ధతిని థాడియస్ బయర్, షాన్ నీలీ అనే ఇద్దరు మరుసటి ఏడాది సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో పత్రం రాసి బయటపెట్టారు. అప్పట్లో దానికి పెద్ద పెద్ద యంత్రాలు కావాల్సివచ్చింది. ఇప్పుడు యంత్రం ఎవరికీ సమస్య కాదు. పని చెడేది రెండే రెండు చోట్ల: ఫొటో ఎంచుకునే దగ్గర, కళ్లు, ముక్కు, నోరు ఎక్కడున్నాయో సాఫ్ట్‌వేర్‌కు చూపించే చుక్కలు పెట్టే దగ్గర. అందుకే ఇక్కడ ఆ రెండింటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

అసలు జరిగేదేమిటి

చాలామంది మార్ఫ్ అని చేసేది మార్ఫ్ కాదు, డిసాల్వ్. మొదటి ఫొటో మసకబారుతుంటే రెండోది తేలుతుంది. మధ్యలో ఆపి చూడండి: నాలుగు కళ్లు, రెండు నోళ్లు, దయ్యం మొహం. మార్ఫ్‌లో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. ఒకటి, ఆకారం జరగడం: నాన్న కంటి కొస ఎక్కడుందో, కొడుకు కంటి కొస ఎక్కడుందో ఆ రెండు చోట్ల మధ్య ప్రతి ఫ్రేములో (వీడియోలోని ఒక్కో కదలని బొమ్మలో) ఒక కొత్త చోటు లెక్కగట్టి, రెండు ఫొటోలనూ అక్కడికే సాగదీస్తుంది. రెండు, అలా ఒకే ఆకారంలోకి వచ్చిన రెండు ఫొటోల రంగులు కలవడం. సరిగ్గా సగం దగ్గర ఆపితే రెండు కళ్లే ఉంటాయి, ఒకే ముక్కు ఉంటుంది, ఆ మొహం నాన్నదీ కాదు కొడుకుదీ కాదు, ఇద్దరి పోలికలూ ఉన్న మూడో మనిషిది.

సాగదీయడానికి సాఫ్ట్‌వేర్ మీరు పెట్టిన చుక్కలను కలిపి ఫొటోను చిన్న చిన్న త్రిభుజాలుగా కోస్తుంది. ఈ ఫొటోలోని ప్రతి త్రిభుజానికీ ఆ ఫొటోలో జత ఉంటుంది. ఒకటి మెల్లగా మరొకటి అవుతుంది, అంతే లెక్క. పోచంపల్లి చీర మీది పువ్వు మగ్గం మీద పుట్టదు కదా, నూలు మీద కొలతపెట్టి చిటికీలు కట్టినప్పుడే దాని రాత రాసేస్తారు. ఇక్కడ చుక్కలు పెట్టే పని కూడా అలాంటిదే. "ప్లే" నొక్కే సమయానికి మంచిచెడ్డలు ఎప్పుడో తేలిపోయి ఉంటాయి.

అన్నిటికీ మార్ఫ్ అక్కర్లేదు. నాగార్జునసాగర్‌ను ఎండాకాలం గేట్లు మూసి ఉన్నప్పుడొకసారి, వరదకు 26 గేట్లు ఎత్తినప్పుడొకసారి అదే చోట నిలబడి, అదే జూమ్‌తో తీశారనుకోండి. డ్యామ్ ఆకారం మారలేదు, నీళ్లే వచ్చాయి. దానికి మామూలు డిసాల్వ్ చాలు, అదే బాగుంటుంది. ఆకారం మారేచోటే మార్ఫ్.

ఫొటోలు ఏరుకోవడం

ఎదురుగా చూసే మొహానికి ఎదురుగా చూసే మొహమే జోడీ. ఒకటి ఎదురుగా, ఒకటి ముప్పావు పక్కకు ఉంటే ముక్కు చెంప మీదికి ఈదుకుంటూ పోయినట్టు ఉంటుంది. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని కాపాడలేదు. ఇద్దరూ పక్కకే చూస్తున్నా ఒకరు కుడికి, ఒకరు ఎడమకు చూస్తుంటే ఒక ఫొటోను తిప్పి అద్దంలో చూసినట్టు చేయొచ్చు. కానీ తిప్పేముందు ఒకసారి పరికించండి. ముక్కుపుడక ఈ పక్క నుంచి ఆ పక్కకు పోతుంది, పైట రెండో భుజం మీదికి ఎక్కుతుంది, చొక్కా జేబు మారుతుంది, వెనకాల బోర్డు మీది అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. ఎవరు పట్టకపోయినా ఇంట్లో పెద్దమ్మ ముక్కుపుడకను పట్టేస్తుంది.

నోరు మూసుకున్న ఫొటోకు నోరు మూసుకున్నదే. పళ్లు కనిపించే నవ్వుకు అలాంటి నవ్వే కావాలి. మూసిన పెదవుల మధ్య నుంచి పళ్లు మొలవడం ఈ పనిలో అన్నిటికంటే వికారమైన దృశ్యం. కళ్లజోడు ఒకరికే ఉంటే జోడు లేని ఫొటో ఇంకొకటి అడగండి. వెలుతురు కూడా ఒకే పక్క నుంచి పడితే మంచిది. ఒకరికి ఎడమ చెంప మీద, మరొకరికి కుడి చెంప మీద నీడ ఉంటే మధ్య ఫ్రేముల్లో మొహం మురికిగా కనిపిస్తుంది.

పాత ఫొటోల సంగతి వేరు. మన ఇళ్లలో తాతల ఫొటో అంటే గోడకు దండతో వేలాడేదే. ఆ ఇంటివాళ్లతో మాట ఇలా నడుస్తుంది:

"అన్నా, మా బాపుది ఈ ఒక్కటే ఫొటో ఉంది, మస్తు పాతది. దీంట్లకెళ్లి మా తమ్మునిలెక్క మారాలె. అయితదా?"

"అయితది తమ్మీ. ఫొటో మాత్రం ఫ్రేముల నుంచి తియ్యకు. అద్దంతోనే పట్టుకురా."

ఎందుకంటే ఏళ్ల తరబడి చెమ్మ తగిలిన ప్రింటు అద్దానికి అతుక్కుపోయి ఉంటుంది. లాగితే మొహం మీది పొర అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతోనే ఫొటో తీయండి. ఫ్లాష్ వద్దు, ట్యూబులైటు కింద వద్దు. పొద్దున పూట అరుగు మీద, నీడలో, వెలుతురు ఒక పక్క నుంచి వచ్చేలా పెట్టి, ఫోన్‌ను ఫొటోకు సమాంతరంగా పట్టండి. మీ నీడ, మీ చొక్కా అద్దంలో కనిపిస్తుంటే వెనక ఒక నల్లటి గుడ్డ పట్టమనండి. గూగుల్ ఫొటోస్కాన్ యాప్ ఒకే ఫొటోను నాలుగైదు కోణాల్లో తీయించి మెరుపును తీసేస్తుంది, అద్దం లేని ప్రింట్లకు అది బాగా పనికొస్తుంది.

విడి ప్రింటు ఉంటే స్కానరే మేలు. పాస్‌పోర్టు సైజు ఫొటో, అంటే 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు ఉన్నదాన్ని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల లెక్కన) స్కాన్ చేస్తే సుమారు 827 వెడల్పు, 1063 ఎత్తు పిక్సెళ్లు వస్తాయి. మన పనికి అది సరిపోతుంది. 300లో చేస్తే అందులో సగమే వస్తుంది, స్క్రీన్ మీద పలచబడుతుంది. జిరాక్స్ సెంటర్లలో అడగకపోతే 300లోనే చేసి ఇస్తారు, ముందే చెప్పండి.

బంధువులు వాట్సాప్‌లో పంపే ఫొటో దారిలో నలిగి వస్తుంది. "డాక్యుమెంట్‌గా పంపండి" అని చెప్పండి. ఎలాగో తెలియదంటే అటాచ్ గుర్తు నొక్కి గ్యాలరీ బదులు డాక్యుమెంట్ ఎంచుకోమనండి.

కళ్లు ఒక్క గీత మీద

మార్ఫ్ సాఫ్ట్‌వేర్ తెరవకముందే చేయాల్సిన పని ఇది. ఫొటోలన్నిటినీ ఒకే కొలతకు తెచ్చి, కంటిపాపలు అన్నిటిలోనూ ఒకే చోట ఉండేలా అమర్చాలి. ఇది వదిలేస్తే మొహం మారుతూనే పక్కకు జారుతుంది, ఉబ్బుతుంది, కిందికి దిగుతుంది. చూసేవాళ్లకు తల తిరుగుతుంది.

చదరపు వీడియోకు ఒక కొలత ఇస్తాను: 1080కి 1080 కాన్వాసు. చూసేవారికి ఎడమ పక్కనున్న కంటిపాప అడ్డంగా 430 దగ్గర, కుడి పక్కది 650 దగ్గర, రెండూ పై నుంచి 500 దగ్గర. రెండు పాపల మధ్య 220 పిక్సెళ్లు. ఈ కొలతలో పెద్దవాళ్ల తల మొత్తం, జుట్టుతో సహా, పైనా కిందా కాస్త చోటు మిగిలేలా పడుతుంది. నిలువు స్టేటస్ కోసం 1080కి 1920 తీసుకుంటే అడ్డం కొలతలు అవే ఉంచి, కళ్లను పై నుంచి 850 దగ్గరికి దింపండి.

ఉచితంగా దొరికే జింప్ అనే ఫొటో ఎడిటర్‌లో ఇలా చేయొచ్చు. అన్ని ఫొటోలను ఒకే ఫైల్లో లేయర్లుగా, అంటే ఒకదాని మీద ఒకటి పొరలుగా తెరవండి. కంటిపాపలు రావాల్సిన ఆ రెండు చోట్ల గైడ్ గీతలు (కొలత చూసుకునే గీతలు) వేయండి. ఒక్కో లేయర్‌ను సగం పారదర్శకంగా పెట్టి, తిప్పి, పెంచి లేదా తగ్గించి, కంటిపాపలను గీతల మీదికి తెండి. తల వంచి తీసిన ఫొటో కూడా ఇక్కడే నిటారవుతుంది. తర్వాత ఒక్కో లేయర్‌ను విడిగా సేవ్ చేయండి.

పసిపిల్లల దగ్గర ఒక చిక్కు ఉంది. వాళ్ల నుదురు పెద్దది, కళ్లు తలలో కిందికి ఉంటాయి, గదవ చిన్నది. కంటిపాపలను గీత మీద పెట్టగానే తల పైభాగం కాన్వాసు దాటిపోతుంది. అలాంటప్పుడు మొత్తం సిరీస్‌లోని అన్ని ఫొటోలకూ కళ్ల మధ్య దూరాన్ని 190కి తగ్గించుకోవాలి. పసిపిల్ల ఫొటో ఒక్కదానికే తగ్గిస్తే లాభం లేదు.

రంగుల విషయం త్వరగా తేల్చేద్దాం. నలుపు తెలుపు నుంచి కలర్‌కు పోతుంటే అలాగే వదిలేయండి. మొహం మారుతూ మారుతూ రంగు ఎక్కడం చూడ్డానికి బాగుంటుంది. పాత ఫొటోకు యాప్‌తో రంగులద్దడం నాకు నచ్చదు, తాతకు లేని గులాబీ పెదవులు వస్తాయి. బ్యాక్‌గ్రౌండ్ మాత్రం ఒకేలా ఉండాలి. ఒకరి వెనక స్టూడియో పరదా, ఒకరి వెనక బస్టాండ్ ఉంటే కన్ను అటే పోతుంది. బ్యాక్‌గ్రౌండ్ తీసేసి రెండింటికీ ఒకే మట్టి రంగో బూడిద రంగో పెట్టేయండి.

ఏ సాఫ్ట్‌వేర్‌తో

విండోస్‌లో ఉచితంగా కావాలంటే స్క్విర్ల్జ్ మార్ఫ్. ఏళ్ల కిందటిది, చూడ్డానికి పాతగా ఉంటుంది, కానీ పని చేస్తుంది. రెండు కంటే ఎక్కువ ఫొటోలను కూడా వరసగా పెట్టొచ్చు. ఒక ఫొటో మీద చుక్క పెడితే మిగతా అన్ని ఫొటోల్లోనూ అక్కడే ప్రత్యక్షమవుతుంది, దాన్ని పట్టుకుని సరైన చోటికి జరపడమే మీ పని. డబ్బు పెట్టగలిగితే ఫాంటామార్ఫ్ సుఖంగా ఉంటుంది, మ్యాక్‌లో కూడా నడుస్తుంది. ట్రయల్‌లో వీడియో మీద వాటర్‌మార్క్ పడుతుంది కాబట్టి నేర్చుకోవడానికి ట్రయల్ వాడి, నచ్చితే కొనండి. క్రాక్ చేసిన కాపీల జోలికి పోవద్దు, వాటితో పాటు వచ్చే వైరస్ పెళ్లి ఆల్బమ్‌లున్న హార్డ్‌డిస్కును మింగుతుంది.

పైథాన్ తెలిసిన ఇంజనీరింగ్ పిల్లలుంటే వాళ్లకు ఇది మంచి ప్రాజెక్టు. డీలిబ్ అనే కోడ్ లైబ్రరీ మొహం మీద 68 చుక్కలను, మీడియాపైప్ అనే ఇంకొకటి 468 చుక్కలను దానంతటదే గుర్తిస్తుంది. త్రిభుజాలు కోయడం, సాగదీయడం ఓపెన్‌సీవీతో అవుతుంది, ఫ్రేములను వీడియోగా కుట్టడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉంది. అయితే డీలిబ్ 68 చుక్కలు కనుబొమ్మల దగ్గరే ఆగిపోతాయి. నుదురు, జుట్టు, చెవులు, భుజాలకు చేత్తో చుక్కలు కలపాల్సిందే.

ఇప్పుడు రెండు ఫొటోలిస్తే మధ్యలో వీడియో దానంతటదే పుట్టించే ఏఐ సర్వీసులు వచ్చాయి. సరదాకు బాగుంటాయి. కానీ మధ్యలో కనిపించే మొహం అది ఊహించుకున్న మొహం, మీ వాళ్లది కాదు. నాన్న మొహం నుంచి కొడుకు మొహానికి పోయే దారిలో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి రెండు క్షణాలు ప్రత్యక్షమవుతాడు. పోలిక చూపించడమే ఈ పని అందమంతా. కాబట్టి ఇంటి మనుషులకు చేత్తో చుక్కలు పెట్టిన మార్ఫే నయం. పైగా ఆ సర్వీసుల్లో, చాలా ఫోన్ యాప్‌లలో ఫొటో ఎక్కడో సర్వర్‌కు పోతుంది, అది అక్కడ ఎన్నాళ్లుంటుందో మన చేతిలో ఉండదు.

చుక్కలు

మొదట నాలుగు మూలలు, నాలుగు అంచుల మధ్యలు, మొత్తం ఎనిమిది చుక్కలు. కొన్ని సాఫ్ట్‌వేర్లు వీటిని అవే పెట్టుకుంటాయి. లేకపోతే అంచులు చిరిగి నల్లటి ముక్కలు కనిపిస్తాయి.

ఇక మొహం. కంటిపాప మధ్యలో ఒకటి, లోపలి కొస, బయటి కొస, పై రెప్ప మధ్య, కింది రెప్ప మధ్య: కంటికి ఐదు. కనుబొమ్మకు మూడు: మొదలు, వంపు, చివర. ముక్కుకు కొన మీద ఒకటి, రెండు పుటాల అంచున ఒక్కొక్కటి, కళ్ల మధ్య దూలం మీద ఒకటి. నోటికి రెండు మూలలు, పై పెదవి మధ్యలోని గుంట, దానికి అటూ ఇటూ ఉన్న రెండు శిఖరాలు, పెదవులు కలిసే గీత మధ్యలో ఒకటి, కింది పెదవి అడుగున ఒకటి. తర్వాత చెవి తమ్మె నుంచి దవడ మీదుగా గదవకు, అక్కడి నుంచి రెండో చెవికి తొమ్మిది. జుట్టు మొదలయ్యే గీత మీద ఐదు, జుట్టు బయటి అంచు మీద ఏడు. మెడ, భుజాలకు ఆరు. లెక్కేస్తే యాభై, అరవై మధ్య వస్తాయి. ఒక మొహానికి అవి చాలు. వంద, నూట యాభై పెట్టేవాళ్లున్నారు. అన్ని చుక్కలు పెడితే పక్కపక్క చుక్కలు ఒకదాన్నొకటి దాటుకుని త్రిభుజం తిరగబడుతుంది, చర్మం మీద బట్ట మడతపడ్డట్టు ముడత వస్తుంది. ముడత కనబడితే చుక్క కలపకండి, తీసేయండి.

నోటి మూల దగ్గర మాత్రం ఫొటోను బాగా పెద్దది చేసి చూడండి. పెదవి రంగు ఎక్కడ ఆగుతుందో అక్కడ కాదు, నోటి గీత లోపలికి మునిగే చిన్న నీడ ఉంటుంది, ఆ నీడ కొసన పెట్టాలి. ఒక ఫొటోలో రంగు దగ్గర, ఇంకోదాంట్లో నీడ దగ్గర పెడితే నాలుగైదు పిక్సెళ్ల తేడా వస్తుంది. ఆ కాస్త తేడాకే మధ్య ఫ్రేముల్లో మనిషి వెక్కిరిస్తున్నట్టు నోరు వంకర పోతుంది. మొహంలో మిగతా చోట్ల ఇంత చాదస్తం అక్కర్లేదు.

బొట్టు ఇద్దరికీ ఉంటే దానికొక చుక్క పెట్టండి, చక్కగా జరిగి వెళ్తుంది. ఒకరికే ఉంటే చుక్క పెట్టకండి, కరిగిపోతుంది లేదా తేలి వస్తుంది, అదే సహజం. మీసం కొంచెం తెలివిగా చేయాలి. మీసం పై అంచు మీద మూడు, రెండు కొసలకు రెండు పెట్టి, మీసం లేని మొహంలో అవే చుక్కలను ముక్కుకూ పెదవికీ మధ్య చర్మం మీద అదే వరసలో సర్దండి. అప్పుడు మీసం పెదవి మీద నుంచి మొలిచినట్టుంటుంది. లేకపోతే చెంప మీద ఎక్కడో నల్లటి మబ్బు తేలుతుంది.

చుక్కలన్నీ అయ్యాక సరిగ్గా సగం ఫ్రేము దగ్గర ఆపి చూడండి. ప్లే చేసి చూస్తే కన్ను మోసపోతుంది, ఆగిన ఫ్రేములో తప్పు దాక్కోలేదు. రెండేసి కనబడే భాగమేదైనా ఉంటే అక్కడ చుక్క తక్కువైందనో పక్కకు పోయిందనో అర్థం.

ఎంతసేపు

కొత్తగా చేసేవాళ్లు మొహాలను ఆపకుండా మార్చేస్తారు. ఎవరు ఎవరో గుర్తుపట్టేలోపే వెళ్లిపోతారు. ప్రతి ఫొటో దగ్గర ఒకటిన్నర సెకను ఆగాలి, మారడానికి రెండున్నర సెకన్లు ఇవ్వాలి. ఐదు ఫొటోలుంటే ఐదు ఆగులు, నాలుగు మార్పులు, మొత్తం పదిహేడున్నర సెకన్లు. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన ఒక్కో మార్పుకు అరవైకి పైగా ఫ్రేములు పడతాయి, అంత ఉంటే కదలిక నునుపుగా వస్తుంది.

మార్పు మెల్లగా మొదలై, మధ్యలో వేగం పుంజుకుని, చివర మళ్లీ మెల్లబడాలి. ఫాంటామార్ఫ్‌లో ఆకారానికీ, రంగులకూ వేగాన్ని మార్చే వేరువేరు కర్వులుంటాయి. ఆకారాన్ని కొంచెం ముందు నడిపి రంగును వెనక రానిస్తే, మొదటి మనిషి చర్మంతోనే రెండో మనిషి రూపం వచ్చి, ఆ తర్వాత అతని రంగు తేలుతుంది. కుక్కలు, మేకల దగ్గర ఈ చిట్కాకు నవ్వులు పండుతాయి.

కుక్క, పిల్లి, మేకపోతు

మొహాన్ని తానే గుర్తుపట్టే పనిముట్లు మనిషి మొహాలు చూసి నేర్చుకున్నవి, కుక్క దగ్గర చేతులెత్తేస్తాయి. కాబట్టి చుక్కలన్నీ మీవే.

కుక్కను దగ్గరికి పోయి తీస్తే ముక్కు వంకాయంత, కళ్లు గింజలంత పడతాయి. ఏడెనిమిది అడుగుల దూరం నుంచి, జూమ్ చేసి, దాని కళ్ల ఎత్తుకు కూర్చుని తీయండి. పక్కన ఒకరు బిస్కెట్ ప్యాకెట్ నలిపితే చాలు, చెవులు నిక్కబొడుచుకుని చూస్తుంది, అదే క్షణం నొక్కాలి. కుక్క నల్ల ముక్కు కొనకు మనిషి ముక్కు కొన జత, నోటి మూలలకు నోటి మూలలు. చెవుల దగ్గర రెండు దారులున్నాయి. మనిషి చెవులనే కుక్క చెవులకు జత చేస్తే అవి తల పక్క నుంచి పాకుతూ పైకి ఎక్కుతాయి. జుట్టు పైనున్న చుక్కలను కుక్క చెవి కొసలకు జత చేస్తే జుట్టులోంచి చెవులు మొలుస్తాయి. నా ఓటు రెండోదానికి.

మేక కళ్లు తలకు చెరో పక్కన ఉంటాయి. ఎదురుగా తీస్తే రెండూ కనిపిస్తాయి కానీ వెలుపలికి చూస్తుంటాయి. పాప అడ్డంగా, పలకలా ఉంటుంది. మనిషి పాపకు మధ్యలో ఒక్క చుక్కతో సరిపెట్టకుండా పైనా కిందా కుడీ ఎడమా నాలుగు చుక్కలు పెట్టి, మేక పాప నాలుగు అంచులకు జత చేయండి. గుండ్రటి నల్లగుడ్డు నొక్కుకుపోయి అడ్డగీత అవుతుంది. మొత్తం వీడియోలో జనం మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూసేది ఆ ఒక్క చోటే. కొమ్ములు జుట్టులోంచి వస్తాయి. కోళ్లను మాత్రం పక్క నుంచే తీయాలి, మనిషినీ పక్క నుంచే తీయాలి. ముక్కుకు ముక్కు జోడీ.

ఇంట్లో ఎవరిని దేనిగా మార్చాలన్నది సాఫ్ట్‌వేర్ చెప్పదు. బావా బావమరుదులకు ఆ చనువు ఉంది, మేనమామకు ఉంది. వియ్యపురాలి జోలికి పోకండి. మైసమ్మకు మొక్కిన పోతుతో బావను కలిపితే పండుగనాడు ముద్ద దిగదు, అది కూడా చూసుకోండి.

హీరో మొహంలోకి

సినిమా వాళ్లతో కలపడంలో మొదటి ఇబ్బంది పోస్టర్లే. వాటిలో చర్మం నున్నగా పాలిష్ చేసి ఉంటుంది, మీ ఫోన్ ఫొటోలో మొటిమలుంటాయి. రెండూ కలిసినప్పుడు అతుకు తెలుస్తుంది. పోస్టర్ కంటే ఏదైనా సభలో తీసిన మామూలు ఫొటో మేలు. వికీమీడియా కామన్స్‌లో అలాంటివి లైసెన్సుతో సహా దొరుకుతాయి, ఫొటో తీసినవారి పేరు వేయమని ఉంటే వేయాలి.

మనవైపు వాళ్లలో ఎవరంటే నేను కాంతారావు అంటాను. కోదాడ దగ్గరి గుడిబండలో 1923లో పుట్టి, జానపద సినిమాల్లో కత్తి తిప్పి కత్తి కాంతారావు అనిపించుకున్న మనిషి. సన్న మీసం, తీర్చిన కనుబొమ్మలు, నలుపు తెలుపు ఫొటోల్లో కోసినట్టుండే దవడ, చుక్కలు పెట్టడానికి ఇంతకంటే అనువైన మొహం ఉండదు. మీ ఫొటోను ముందే నలుపు తెలుపు చేసి, ఒక పక్క నుంచి గట్టి వెలుతురు పడేలా తీయించుకుంటే జోడీ కుదురుతుంది. మన దేశంలో 2012 చట్టసవరణ తర్వాత ఫొటోకు కాపీరైటు అది తీసినవారు చనిపోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. కాబట్టి స్టిల్ పాతదైనంత మాత్రాన ఆ బెంగ లేదనుకోకండి.

ఇంట్లో, స్నేహితుల మధ్య నవ్వుకోవడం ఒకటి, షాపు ఓపెనింగ్ ప్రకటనలో హీరో మొహంలోంచి ఓనర్ మొహం రావడం ఇంకొకటి. రెండోది చేయొద్దు. అనిల్ కపూర్ మొహం, గొంతు అనుమతి లేకుండా వాడొద్దని 2023లో ఢిల్లీ హైకోర్టు ఆదేశమిచ్చింది. చిరంజీవికి 2025లో హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు అలాంటి రక్షణే ఇచ్చింది. రాజకీయ నాయకుల మొహాలు, ముఖ్యంగా ఎన్నికల రోజుల్లో, ముట్టుకోకుండా ఉండటమే సుఖం.

అడిగి చేయండి

లోన్ యాప్‌ల వాళ్లు ఫొటోలు మార్చి బెదిరించిన కథలు మన ఊళ్లలోనూ ఉన్నాయి. మార్ఫింగ్ అంటేనే ఇంట్లోవాళ్లు ఉలిక్కిపడటానికి కారణం అదే. కాబట్టి ఎవరి ఫొటో అయినా వాళ్లనడిగి తీసుకోండి, చేసింది ముందు వాళ్లకు చూపించి, ఎక్కడ పెడతారో చెప్పండి. చనిపోయినవాళ్లదైతే ఆ ఇంటివాళ్లను అడగండి. సంవత్సరీకం రోజు స్క్రీన్ మీద తండ్రి మొహం కదిలితే కొందరికి ఊరట, కొందరికి భరించలేని బాధ. ఆడపిల్లల ఫొటోలను అసభ్యంగా మార్చి పంచితే ఐటీ చట్టం 67, 67ఏ సెక్షన్ల కింద జైలు. ఎవరైనా మీ ఫొటోతో అలా చేస్తే మెసేజ్‌లు, నంబర్లు చెరపకుండా స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

బయటికి తీయడం

జిఫ్ వద్దు. అందులో 256 రంగులే ఉంటాయి, చెంప మీది వెలుగునీడలు పొరలు పొరలుగా విడిపోతాయి. హెచ్.264 అనే వీడియో పద్ధతిలో ఎంపీ4 ఫైలుగా తీయండి. సాఫ్ట్‌వేర్ ఏవీఐ మాత్రమే ఇస్తే దాన్ని ఏదైనా వీడియో ఎడిటర్‌లో వేసి ఎంపీ4 చేసుకోవచ్చు, పాట కూడా అక్కడే కలపండి. స్టేటస్‌కు నిలువు, ఫంక్షన్ హాల్‌కు 1920కి 1080 అడ్డం. నిలువుదాంట్లో పైనా కిందా వాట్సాప్ అక్షరాలు వస్తాయి కాబట్టి మొహాన్ని నడిమధ్యలోనే ఉంచండి.

ఎల్ఈడీ గోడ దగ్గర ఒక జాగ్రత్త. దగ్గరి నుంచి చూస్తే దాని మీది బొమ్మ గుండ్లు గుండ్లుగా ఉంటుంది, సన్నటి వివరాలేవీ నిలవవు. మొహాన్ని పెద్దగా ఉంచి, వెలుగును కొంచెం పెంచి ఇవ్వండి. ఫంక్షన్‌కు ఒకరోజు ముందే ఆపరేటర్‌కు ఫోన్ చేసి స్క్రీన్ కొలత అడిగి, పెన్‌డ్రైవ్‌లో రెండు కాపీలు వేసి ఇవ్వండి. వాట్సాప్‌లో పంపితే అది మళ్లీ నలుగుతుంది.

ప్రాజెక్టు ఫైలును, సరిచేసిన ఫొటోలను, కంటిపాపల కొలతలు రాసిన ఒక నోట్‌ను ఒకే ఫోల్డర్‌లో పెట్టి, మనిషి పేరు, ఏడాది వేసి దాచండి. వచ్చే పుట్టినరోజుకు ఒక్క ఫొటో తీసి అదే కొలతకు తెచ్చి చివర్న చేర్చడమే, మిగతా చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి.